లెక్క ఉన్న ఊరు

ప్రొద్దుటూరులో ‘లెక్కుందా?’ అని ఎవరన్నా అడిగితే జేబు తడుముకోవాలి. వాళ్లు అడుగుతున్నది కూడికలూ తీసివేతలూ కాదు, డబ్బు. కోస్తాలో డబ్బులు, తెలంగాణలో పైసలు, కన్నడ సరిహద్దు పల్లెల్లో దుడ్లు, కడప జిల్లాలో లెక్క. కూరగాయల బండి దగ్గర పది రూపాయలూ లెక్కే, బంగారు అంగట్లో పది లక్షలూ లెక్కే. ‘లెక్క తెచ్చినావా?’ ‘అకౌంట్లో లెక్క పడిందా?’ ‘యాడన్నా లెక్క పుడ్తుందేమో సూడన్నా, పిల్ల పెండ్లి పెట్టుకున్యా.’ ఉదయం టీ అంగడి దగ్గర నిలబడితే అరగంటలో ఇవన్నీ చెవిన పడతాయి. ఎవరూ అర్థం అడగరు. బయటి నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగుతారు.

ఈ మాట రాయలసీమంతా తెలిసినదే అయినా దాని అసలు బలం చూడాలంటే ప్రొద్దుటూరే రావాలి. పెన్న ఒడ్డున ఉన్న ఈ పట్టణానికి జిల్లా కేంద్రమన్న హోదా లేదు, అది కడపది. వ్యాపారానికి మాత్రం ఇదే పెద్ద దిక్కు. బంగారం, పత్తి, శెనక్కాయ నూనె, బట్టలు, వడ్డీ వ్యాపారం అన్నీ కలిసి దీనికి ‘రెండో బొంబాయి’ అన్న పేరు తెచ్చాయి. కర్నూలు, అనంతపురం వైపు ఊళ్లలో కూడా పెళ్లి కుదిరిందంటే ఇంటి పెద్దలు ‘బంగారుకు ప్రొద్దుటూరు పోదాం’ అనుకుంటారు. వీధికి రెండు పక్కలా వరసగా అంగళ్లు. కింద అమ్మకం, మేడ మీదనో వెనక సందులోనో పని. తాళిబొట్టు నుంచి వడ్డాణం దాకా దొరకని సొమ్ము లేదు.

డబ్బును లెక్క అనడం ఇక్కడే ఎందుకు పాతుకుపోయిందో ఏ నిఘంటువులోనూ నేను చూడలేదు. నాకున్నది ఒక ఊహ. కడప జిల్లాలో ఏడాదికి పడే వాన 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కర్నూలు–కడప కాలువ పారే చోట వరి, పసుపు పండుతాయి. మిగతా నేల మబ్బు వైపు చూస్తూ బతికేదే. అలాంటి చోట రైతు చేతికి రొక్కం నేరుగా రాదు. విత్తనం వేసేటప్పుడు షావుకారు దగ్గర పెట్టుబడి తెచ్చుకుంటాడు. పంట వచ్చాక సరుకు అతని కాటా మీదికే పోతుంది. తెచ్చుకున్న అసలు, దాని మీద వడ్డీ, కాటా కూలి, హమాలీ, కమీషను అన్నీ పోను మిగిలింది రైతుది. ‘ఏమన్నా వచ్చిందా?’ అని ఇంట్లోవాళ్లు అడిగితే ఆయన చెప్పగలిగింది లెక్క ఒక్కటే. తరాల తరబడి రైతు డబ్బును నోటుగా చూడటానికి ముందు పుస్తకంలో గీతగా చూశాడు. గీత పేరే నోటుకూ వచ్చి ఉంటుందని నా నమ్మకం.

వడ్డీ చెప్పే తీరు కూడా ఆ పుస్తకంలోదే. ఇక్కడ శాతం మాట వినపడదు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు. అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24. బ్యాంకు మేనేజరు ఏడాదికి ఇంత శాతం అని చెప్పినప్పుడు పెద్దవాళ్లు మనసులో దాన్ని 12తో భాగించి ‘అంటే రూపాయి లోపే’ అని తేల్చేస్తారు. బడి మెట్టెక్కని ముసలమ్మ కూడా మూడు నెలల పదిరోజుల వడ్డీని వేళ్ల కణుపుల మీద కట్టి చెప్పగలదు. నోటి లెక్క అంటే అది.

ఈ మాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఒకటుంది. ‘వానికి లెక్క లేదు’ అనే వాక్యం తీసుకోండి. వాడు పేదవాడు, చేతిలో చిల్లిగవ్వ లేదు అని ఒక అర్థం. వాడికి ఎవరన్నా ఖాతరు లేదు, పొగరుబోతు అని ఇంకో అర్థం. ఒకటి జాలితో అనేది, ఇంకోటి కోపంతో అనేది. ప్రొద్దుటూరులో ఈ రెండూ ఒకే వాక్యంలో ఒకే అక్షరాలతో బతుకుతున్నాయి. చెప్పేవాళ్ల గొంతు చూసి ఏదో పట్టుకోవాలి. ‘లెక్క’ దగ్గర గొంతు కాస్త జారి, లేదుకు ఇక్కడి రూపమైన ‘ల్యా’ దగ్గర పొడుగైతే అది లేమి. ‘లెక్కే లేదు వానికి’ అని ‘కే’ మీద నొక్కితే అది నిర్లక్ష్యం. చిత్రమేమంటే చాలాసార్లు నిర్లక్ష్యం లెక్క బాగా ఉన్నవాడిదే. అప్పుడు ‘లెక్కుంది, అందుకే లెక్కల్యా’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దీన్ని వేరే మాటల్లో చెప్పబోతే నాలుగు వాక్యాలు పడతాయి.

మిగతా వాడుకలు తెలుగువాళ్లందరివీ. ‘ఆ లెక్కన చూస్తే’ అంటే ఆ ప్రకారం. ‘అదేం లెక్క?’ అంటే అదేం న్యాయం. ‘నా లెక్కలో వాడు మంచోడే’ అంటే నా అంచనాలో. కాకి లెక్కలు ఆఫీసుల్లో ఉంటాయి. లెక్కల సారు బడిలో ఉంటాడు. ‘ఆమె ఇల్లు లెక్కగా నడుపుతుంది’ అన్నప్పుడు లెక్కకు పొదుపు అని అర్థం, అది మా వైపు ఆడవాళ్లకు ఇచ్చే పెద్ద మెప్పు. పీనాసితనం అన్న ఛాయ అందులో లేదు. ఉన్నదాంట్లో పదిమందికీ పెట్టి, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా సంసారం ఈదిందని అర్థం.

తెలంగాణకు పోతే ఇదే మాట మరో వేషం కడుతుంది. అక్కడ లెక్క అంటే వలె, మాదిరి. ‘అచ్చం మీ నాయిన లెక్కనే ఉన్నవ్’ అంటారు. ‘పిచ్చోని లెక్క తిరుగకు’ అంటారు. హైదరాబాదులో చదువుకోవడానికి పోయిన ప్రొద్దుటూరు పిల్లలకు మొదటి నెలంతా ఇదే తమాషా. హాస్టల్లో కరీంనగర్ స్నేహితురాలు ‘నా లెక్కనే చెయ్యి’ అంటే తనలా చెయ్యమని. ప్రొద్దుటూరు పిల్ల ‘నా లెక్క ఇయ్యి’ అంటే అప్పిచ్చిన డబ్బు తిరిగి ఇమ్మని. ఇద్దరూ తెలుగే మాట్లాడుకుంటున్నారు, ఇద్దరికీ అది అమ్మ నేర్పిన మాటే. ఏది సరి, ఏది తప్పు అనే పేచీకి ఇక్కడ తావు లేదు. భాష పెద్దది, రెండిటికీ చోటుంది.

మళ్లీ బంగారు అంగట్లోకి వద్దాం. ఈ ఊరి లెక్క కంటికి కనిపించేది అక్కడే. పాత సొమ్ము మార్చి కొత్తది చేయించుకోవడానికి ఒక కుటుంబం వచ్చిందనుకోండి. నాయనమ్మ మెడలోని గుండ్ల దండ బల్ల మీద పెడతారు. పాతకాలపు గుండ్లు లోపల డొల్ల. నొక్కుకు పోకుండా లక్క నింపేవాళ్లు. అంగడాయన దండను ముందు అలాగే తూస్తాడు, ఆ అంకె గట్టిగా చదువుతాడు. తర్వాత కుటుంబం కళ్లముందే వేడి చేసి లక్క కార్పించి మళ్లీ తూస్తాడు. రెండు తూకాల మధ్య తేడా చూసి నాయనమ్మ మొహం చిన్నబోతుంది. ఇన్నేళ్లూ ఆమె మోసిన బరువులో కొంత లక్కదే. ఆ తర్వాత గీటురాయి మీద గీత, ఇప్పుడైతే మిషన్ మీద మచ్చు. కొత్త సొమ్ము 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి. 20 గ్రాముల గొలుసులో అసలు బంగారం 18.32 గ్రాములు, మిగతాది కలిపిన లోహం. దాని మీద తరుగు. నూటికి ఎనిమిది అన్నాడనుకుంటే 20 గ్రాములకు 1.6 గ్రాములు, అంటే 21.6 గ్రాముల ధర కట్టాలి. బేరమంతా ఈ తరుగు దగ్గరే. బంగారం ధర ఊరంతా ఒకటే, దాని మీద ఎవరూ నోరు మెదపరు. తరుగు దగ్గర మాత్రం ఆడవాళ్లు గట్టిగా నిలబడతారు. ‘ఏమన్నా, ఇంత పనితనానికి ఇంత తరుగా?’ అని గొలుసు కొక్కెం వేలితో తిప్పి చూపిస్తారు. ఆ ప్రశ్నలో అతుకులు ఎన్ని, చేతి పని ఎంత, అచ్చు పని ఎంత అన్న జ్ఞానం ఉంది. అది ఏ కాలేజీలోనూ దొరకదు.

హాల్‌మార్కు 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయ్యింది. హాల్‌మార్కు వేసిన ప్రతి సొమ్ము మీదా ఆరు అంకెలూ అక్షరాలూ కలిసిన గుర్తు ఉంటుంది. అంతకుముందు ఈ వీధిలో హాల్‌మార్కు అంటే అంగడి పేరే. తండ్రి దగ్గర కొన్నవాళ్ల పిల్లలు కొడుకు దగ్గర కొనేవాళ్లు. తులం అంటే అసలు 11.66 గ్రాములు, వ్యాపారంలో 10 గ్రాములకు దిగింది. సవర అంటే 8 గ్రాములు. అంతకుముందు కంసాలి తక్కెట్లో గురివింద గింజలే తూకపురాళ్లు. ఒక్కో తరం ఒక్కో కొలత మార్చుకుంది, లెక్క అన్న మాటను మాత్రం ఎవరూ మార్చుకోలేదు.

గింజలు కొలిచేచోట ఇంకో అందమైన అలవాటు ఉండేది. కొలిచేవాడు ఒకటి అనడు, ‘లాభం’ అంటాడు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. ఏడు దగ్గర కొందరు ‘ఆరున్నొకటి’ అని దాటేస్తారు, ఏడు అంటే ఏడుపు నోట వచ్చినట్టని. ‘ఆరున్నొక్క రాగం’ అని ఏడుపును మనం ఇప్పటికీ అంటున్నాం కదా, అందులో ఉన్నదీ ఈ ఏడే. అంకెలకు కూడా శుభాశుభాలు చూసుకుని, నోటి మాట పంట మీద పడుతుందని భయపడి, మంచి మాటతో మొదలుపెట్టిన మనుషులు వాళ్లు. కొలత మిషన్లు వచ్చాక ఆ లాభం మాట మూగబోతోంది. నాకు అది బాధగా ఉంటుంది.

డబ్బు ఉన్న ఊరు కాబట్టి ప్రొద్దుటూరు చప్పిడిగా ఉంటుందనుకుంటే పొరపాటు. దసరా వస్తే వాసవీ కన్యకా పరమేశ్వరి ఆలయం, ఊరివాళ్ల నోట అమ్మవారిశాల, జిల్లా మొత్తాన్ని తన దగ్గరికి రప్పించుకుంటుంది. అమ్మవారి ఊరేగింపు తొట్టిమెరవణి చూడటానికి దూరపు ఊళ్ల నుంచి చుట్టాలు దిగుతారు. మైసూరు తర్వాత మా ఊరి దసరానే అని ప్రొద్దుటూరు వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఏడాదంతా రూపాయి రూపాయికీ లెక్క రాసే మనుషులు ఆ పది రోజులూ చెయ్యి విడుస్తారు. ‘అమ్మవారి దగ్గర లెక్కేంది?’ అంటారు. ఈ ఊళ్లో ఆ మాట అనగలగడం చిన్న సంగతి కాదు.

కవిత్వానికీ ఇది పెద్ద ఊరే. శివభారతం రాసిన గడియారం వేంకట శేషశాస్త్రి, రాణా ప్రతాపసింహ చరిత్ర రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని ఇక్కడివాళ్లే. శివతాండవం కర్త పుట్టపర్తి నారాయణాచార్యులు పుట్టింది అనంతపురం జిల్లాలో, కొన్నేళ్లు బతికింది ఈ ఊళ్లో. 1972లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇక సి.వి. సుబ్బన్న శతావధాని. అవధానంలో ఒక అంశం ఘంటాగణనం. ఒకపక్క సమస్యలు, దత్తపదులు, నిషిద్ధాక్షరి, అప్రస్తుత ప్రసంగం సాగుతుంటే మధ్యమధ్య ఎవరో గంట కొడుతుంటారు. అన్నీ ముగిశాక ఎన్ని గంటలు కొట్టారో అవధాని చెప్పాలి. పద్యం నోట్లో నడుస్తుండగా లెక్క చెవిలో నడవాలి. వడ్డీ లెక్కలకు పేరుపడ్డ ఊరే ఇలాంటి లెక్కలో దిట్టలను కన్నదంటే నాకు ఆశ్చర్యం లేదు. రెండిటికీ కావలసింది ఏకాగ్రతే.

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల వైపు పోతే కలమల్ల వస్తుంది. తెలుగులో ఇప్పటివరకు దొరికిన తొలి శాసనంగా పండితులు చెప్పేది అక్కడిదే. సుమారు క్రీ.శ. 575 నాటిది, రేనాటి చోళుడు ధనంజయుడి కాలపుది. రాయి అరిగిపోయింది, అంతా చదవడానికి వీలు లేదు. అదే రేనాటి రాజుల మిగతా శాసనాల్లో తరచుగా ఉండేది ఇదే: ఫలానా వారికి ఇంత నేల ఇచ్చాం, సాక్షులు వీళ్లు, చెరిపినవాడికి పాపం. అంటే తెలుగు మొట్టమొదట రాతికెక్కిన ఈ నేల మీద తొలి రాతలు ఎక్కువగా ఇచ్చిపుచ్చుకోళ్లవే. ఈ సంగతి తెలిశాక ‘సీమ తెలుగు మోటు’ అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు పోయింది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసి ఒక్కో పేరులో ఎంత చరిత్ర దాగి ఉందో చూపించారు. ఊళ్ల పేర్లకు ఆయన చేసినట్టు నోటి మాటలకు కూడా ఎవరో ఒకరు చెయ్యాలి.

ఎందుకంటే లెక్క అన్న మాటను ఇప్పుడు ప్రపంచానికి చెబుతున్నది సినిమా. సీమ కథ అనగానే తెర మీద లెక్క అంటే శవాల లెక్క. ‘లెక్క సరిచెయ్యాలి’ అనగానే సుమోలు లేస్తాయి, మట్టి లేస్తుంది, కొడవళ్లు లేస్తాయి. ఫ్యాక్షన్ జరగలేదని నేను అనను. దాని వల్ల నేలపాలైన ఇళ్లు, తండ్రి లేకుండా పెరిగిన పిల్లలు ఈ జిల్లాలో ఉన్నారు. వాళ్ల దుఃఖం వినోదం కాకూడదు. కానీ సీమలో రోజుకు లక్షసార్లు పలికే మాటను తీసుకుని దాని ఒక్క నెత్తుటి అర్థాన్నే పదే పదే చూపించడం అన్యాయం. లెక్క సరిచెయ్యడమంటే ఇక్కడ నూటికి తొంభై తొమ్మిదిసార్లు బాకీ తీర్చడం. ప్రోనోటు వెనక్కి తీసుకుని చించెయ్యడం. అంతా కట్టలేకపోతే కొంత కట్టి నోటు వెనక చెల్లు రాయించుకోవడం. ప్రోనోటుకు కాలపరిమితి 3 ఏళ్లు. మధ్యలో కొంత కట్టి చెల్లు రాస్తే ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు. కరువు ఏడాది కట్టలేని రైతు, కోర్టుకు పోదలచని షావుకారు ఇద్దరూ ఆ చెల్లు గీత మీదే ఇంకో మూడేళ్లు ఒకరినొకరు నమ్ముకుంటారు. అధిక వడ్డీకి బలైన ఇళ్లు లేవనీ అనను, చాలా ఉన్నాయి. అయినా మాట తప్పితే తలెత్తుకోలేమన్న పట్టుదలతో అమ్మిన ఎద్దులు, తాకట్టు పెట్టిన తాళిబొట్లు కూడా ఈ మాట వెనకే ఉన్నాయి. సినిమా రాసేవాళ్లు వాటినీ చూడాలి.

ఇప్పుడు లెక్క ఫోనులోకి ఎక్కింది. కూరగాయల అవ్వ బండికి కూడా నలుపు తెలుపు చదరాల బొమ్మ వేలాడుతోంది. ‘లెక్క ఫోన్లో ఏసినా సూడవ్వా’ అంటే డబ్బా లోంచి గొంతు వచ్చి ఎంత పడిందో చెబుతుంది. మాట చెక్కుచెదరలేదు. పోతున్నది దాని చుట్టూ ఉన్న బలగం. చిట్టా, ఆవర్జా, జమ, నిలవ, చెల్లు, బాకీ, పెద్ద పద్దు అనే మాటలు కంప్యూటరు బిల్లుల్లో లేవు. పాత అంగళ్లలో ఎర్ర బట్ట అట్ట వేసిన పొడుగాటి పుస్తకాలు ఉండేవి. పేజీ పైన ‘శ్రీ’తో మొదలై ఒక కుటుంబం కష్టసుఖాలన్నీ పద్దులుగా సాగేవి. పెళ్లికి తెచ్చింది, కాన్పుకు తెచ్చింది, బోరు వేయడానికి తెచ్చింది, బోరులో నీళ్లు పడక మళ్లీ తెచ్చింది. రాయలసీమ బతుకు చరిత్ర రాయదలచినవాళ్లకు అంతకన్నా మంచి ఆధారం దొరకదు. కొత్త తరం అంగడి బాగుచేసినప్పుడల్లా ఆ పుస్తకాలు కిలోల లెక్కన పాత కాగితాల బండికి పోతున్నాయి.

కడపలో సి.పి. బ్రౌన్ నివసించిన బంగళా స్థలంలో ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతోంది. తాళపత్రాలు, కైఫీయత్తులు భద్రపరిచే ఆ చోట షావుకారు చిట్టాలకు కూడా ఒక బీరువా కేటాయించాలని విశ్వవిద్యాలయాన్ని కోరుతున్నాను. తెలుగు ఎం.ఏ. చదివే పిల్లలను ఒక్క ఏడాది ప్రొద్దుటూరు బంగారు వీధికీ, పత్తి మిల్లులకూ, సంతలకూ పంపి మాటలు ఏరించాలి. ఇక మీకు ఒక మాట. మీ ఇంటి అటక మీదనో, అంగడి వెనక గదిలోనో తాతల నాటి లెక్కల పుస్తకం ఉంటే దాన్ని కాగితాల బండికి వెయ్యకండి. అందులోని పేర్లు బయటపడటం ఇష్టం లేకపోతే ఆ పేజీలు మీ దగ్గరే ఉంచుకుని మిగతాది బ్రౌన్ కేంద్రానికి అప్పజెప్పండి.